వసంతంలో పెరటి పనులు, కలుపు తీత: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్ర, తెలంగాణల్లో ఇంటి వెనక నాలుగు సెంట్ల పెరడు ఉన్నవారికీ, మిద్దె మీద కుండీల్లో కూరలు పండించుకునేవారికీ పనికొచ్చేలా ఈ సమాధానాలు రాశాం. విదేశాల్లో ఉన్నవారి కోసం చివర్లో ఒక ప్రశ్న విడిగా ఉంది.

వసంతం ఉగాదితో కదా మొదలు. తోట పని కూడా అప్పుడే మొదలుపెట్టవచ్చా?

ఉగాది దాకా ఆగితే ఆలస్యమైపోతుంది. పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంతమే కానీ, ఆ నెలలకు మన దగ్గర ఎండ ముదిరిపోతుంది. లేత మొలక తట్టుకోలేదు. పెరటి పనికి అసలైన వసంతం రథసప్తమి నుంచి హోలీ దాకా, అంటే దాదాపు ఫిబ్రవరి మొదటి నుంచి మార్చి రెండో వారం వరకు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దలు చెప్పేది తోటకు బాగా పనికొచ్చే లెక్క. రాత్రి చలి 18 డిగ్రీల కంటే కిందికి దిగకుండా ఉంటేనే బెండ, బీర, కాకర గింజలు చురుగ్గా మొలుస్తాయి. కోస్తాలో ఈ వేడి కాస్త ముందే వస్తుంది. ఆదిలాబాద్ వైపు, అరకు, చింతపల్లి వంటి చోట్ల రెండు మూడు వారాలు ఆలస్యంగా విత్తుకోవాలి.

ఏ పని ముందు, ఏది తర్వాత?

ముందు కలుపు, తర్వాత మట్టి, ఆ తర్వాతే విత్తనం. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. గింజలు కొని తెచ్చి ఆత్రంగా పాతేస్తారు, మొలక వచ్చాక దాని పక్కనే ఉన్న తుంగను పీకబోయి మొలకను కూడా పీకేస్తారు.

చలికాలం పంట అయిపోయిన మడిలో కాలీఫ్లవర్ మోళ్లు, ఎండిన చిక్కుడు తీగలు తీసేయండి. తీగను వేళ్లతో పెరకకుండా నేల మట్టానికి కోయండి, ఎందుకంటే చిక్కుడు వేళ్ల బుడిపెల్లోని నత్రజని ఆ మట్టికే చెందుతుంది. మడికి ఒక తడి ఇచ్చి, మూడో రోజు మట్టి పదునుకు వచ్చాక అర అడుగు లోతు తిరగేయండి. చదరపు మీటరుకు రెండు మూడు కిలోల మాగిన పశువుల ఎరువు, 100 గ్రాముల వేపపిండి కలపండి. అప్పుడే విత్తకండి. మడిని చదును చేసి, మళ్లీ తడిపి, వారం పది రోజులు వదిలేయండి. పైపొరలో దాక్కున్న కలుపు గింజలన్నీ పచ్చగా లేస్తాయి. దోకుడు పారతో పైపైన, అంగుళం కంటే లోతు పోకుండా చెక్కేసి అప్పుడు విత్తండి. లోతుగా తవ్వితే అడుగున నిద్రపోతున్న గింజలను మళ్లీ వెలుగులోకి తెచ్చినట్టే. వారం ఓపిక పడితే తర్వాత నెల రోజుల కలుపు తీత సగానికి సగం తగ్గుతుంది.

ఈ రెండు నెలల్లో ఏమేమి విత్తుకోవచ్చు?

బెండ, గోరుచిక్కుడు, బీర, సొర, కాకర, పొట్ల, దోస, గుమ్మడి, తోటకూర, గోంగూర, బచ్చలి అన్నీ వేసుకోవచ్చు. పాలకూర ఫిబ్రవరి దాటితే త్వరగా పూతకు వెళ్లిపోతుంది. కొత్తిమీర కావాలంటే మధ్యాహ్నం నీడ పడే చోటు వెతుక్కోండి, ధనియాలను రెండుగా నలిపి చల్లండి. ముల్లంగి, క్యారెట్, కాలీఫ్లవర్ ఇప్పుడు మొదలుపెట్టకండి. ముల్లంగి ఘాటెక్కి బెండు పడుతుంది, కాలీఫ్లవర్ పువ్వు కట్టదు.

బెండకు మొక్కకూ మొక్కకూ అడుగు, సాలుకూ సాలుకూ అడుగున్నర చాలు. పందిరి కూరలకు అడుగున్నర లోతు, అంతే వెడల్పు పాదు తవ్వి, మూడు కిలోల ఎరువు వేసి, పాదుకు మూడు గింజలు పెట్టండి. మొలిచాక బలమైనవి రెండు ఉంచి మూడోదాన్ని కత్తెరతో కత్తిరించండి, పీకవద్దు. పందిరి మాత్రం గింజ పెట్టిన రోజే వేయండి. తీగ పాకడం మొదలెట్టాక గుంజలు పాతితే వేళ్లు తెగుతాయి.

కాకర, పొట్ల గింజలు మొలవడం లేదు. విత్తనం చెడ్డదా?

చాలాసార్లు తప్పు గింజది కాదు. ఆ గింజల పెంకు గట్టిది. గోళ్ల కత్తెరతో కోసుగా ఉన్న కొనను కొంచెం చిదిమి, 24 గంటలు నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి వెచ్చని చోట ఉంచండి. తెల్లటి మొలక కనబడగానే అంగుళం లోతున పెట్టండి. బీర, సొరకు ఒక రాత్రి నానితే చాలు. దోస, గుమ్మడికి ఆ అవసరమూ లేదు.

గింజ కుళ్లడానికి అసలు కారణం ఎక్కువగా నీళ్లే. రెండంగుళాల లోతున పెట్టి రోజూ రెండు పూటలా పోస్తే, గాలి అందక లోపలే చీకిపోతుంది. విత్తే ముందు రోజు మట్టిని బాగా తడిపి, విత్తాక పైన చల్లితే సరిపోతుంది. దోస నాలుగైదు రోజుల్లో, బెండ ఆరేడు రోజుల్లో, కాకర పది పన్నెండు రోజుల్లో మొలుస్తుంది. అంతకు ముందే తవ్వి చూడకండి.

టమాటా నిండా పూత ఉంది, కాయ మాత్రం నిలవడం లేదు. ఏం చల్లాలి?

ఏదీ చల్లనక్కరలేదు. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి పాడవుతుంది, పూత రాలుతుంది. ఎరువు ఎక్కువేస్తే ఆకు పెరుగుతుందే తప్ప కాయ రాదు. మార్చి మధ్య నుంచి 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ పడమటి వైపు కట్టి, ఉదయం తొమ్మిదిలోపు పూగుత్తుల్ని వేలితో మెల్లగా తట్టండి. కొన్ని నిలుస్తాయి. మొక్క ఆరోగ్యంగా ఉంటే తీసేయకుండా మూడో వంతు కత్తిరించి వేసవి గట్టెక్కించండి, వానలతో మళ్లీ చిగురిస్తుంది.

మల్లె, మందార, గులాబీ, కరివేపాకు: ఏది ఇప్పుడు కత్తిరించాలి?

మల్లెకు సమయం జనవరి నెలాఖరు. డిసెంబరు నుంచి నీళ్లు తగ్గించి, ఆకు పండుబారాక, పొదను తాడుతో దగ్గరికి కట్టి నేల నుంచి అడుగున్నర ఎత్తులో కోయాలి. తర్వాత పాదు తవ్వి, రెండు మూడు రోజులు వేళ్లకు ఎండ తగలనిచ్చి, పది కిలోల ఎరువు వేసి తడి పెట్టాలి. మార్చి చివరికి మొగ్గ పడుతుంది. ఆ పని తప్పిపోయి మార్చి వచ్చేస్తే గట్టిగా కోయవద్దు. ఎండు పుల్లలు, ఆకులు దూసేసి ఎరువు, నీళ్లు ఇవ్వండి. ఇప్పుడు కోస్తే ఈ ఏటి పువ్వును కోసుకున్నట్టే.

మందారను ఫిబ్రవరిలో మూడో వంతు కత్తిరించవచ్చు. కొత్త చిగురుకు పిండినల్లి పడుతుంది కాబట్టి వారానికోసారి ఆకుల అడుగున నీటి ధారతో గట్టిగా కడగండి. ఆగకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, ఆ నూనె నీళ్లలో కలిసేందుకు కొంచెం సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం కొట్టండి. మధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. గులాబీకి గట్టి కత్తిరింపు అక్టోబరులోనే, ఇప్పుడు వాడిన పువ్వులు తుంచితే చాలు. కరివేపాకు మూడడుగుల ఎత్తులో కొన తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. వేరు పిలకలు అడుగున లేస్తుంటే ఒకటి రెండు కుండీలోకి మార్చుకోండి, మిగతావి తీసేయండి. పెద్ద చెట్టు కింద వదిలేస్తే అవే కలుపవుతాయి.

మామిడి పూత మీద ఉంది. చెట్టు కింద గడ్డి తవ్వి శుభ్రం చేయవచ్చా?

తవ్వకండి. పూత, పిందె దశలో పాదులో వేళ్లు తెగితే రాలుడు పెరుగుతుంది. గడ్డిని కొడవలితో నేలకు దగ్గరగా కోసి అక్కడే పరచండి. పిందె బఠాణీ గింజంత అయ్యాక నీళ్లు మొదలుపెట్టి, పది పదిహేను రోజులకోసారి ఇవ్వండి.

కలుపు వానాకాలం గొడవ కదా. ఎండలు రాబోతుంటే దాని మీద ఇంత శ్రమ ఎందుకు?

శ్రమ పడాల్సింది ఇప్పుడే. వానాకాలంలో పీకిన గడ్డి పక్కకు పడేసినా తడికి మళ్లీ వేరు పట్టుకుంటుంది. ఫిబ్రవరి, మార్చిలో పీకింది సాయంత్రానికి వాడిపోతుంది, మూడో రోజుకు ఎండిపోతుంది. ఎండను మించిన కలుపు మందు మన దగ్గర లేదు, డబ్బూ ఖర్చు కాదు. పైగా చలికాలంలో మొలిచిన కలుపు పూతకు వచ్చి గింజ రాల్చేది ఈ నెలల్లోనే. ఆ గింజ వేసవంతా నేలలో ఉండి, జూన్‌లో మొదటి జల్లుకు లేస్తుంది. జూలైలో నడుం వంచి తీసే కలుపు చాలావరకు మార్చిలో మనం వదిలేసిందే.

అందుకే ఒక్క నియమం తప్పక పాటించండి: పూత కనబడిన కలుపు ఆ వారం దాటకూడదు. మొత్తం తోట శుభ్రం చేసే తీరిక లేకపోతే, పూసినవాటిని మాత్రమైనా ఏరేయండి.

తుంగ ఎంత పీకినా మళ్లీ వస్తోంది. దీనికి విరుగుడు ఉందా?

ఉంది, కానీ ఒక్క రోజు పని కాదు. తుంగ ఎందుకు తిరిగొస్తుందో తెలిస్తే పని తేలికవుతుంది. పైన కనబడే పచ్చటి ఆకుల కింద చిన్న బుడిపె, దాని నుంచి దారం లాంటి వేరుకాడ, ఆ కాడ చివర గడ్డ, మళ్లీ కాడ, మళ్లీ గడ్డ. ఇలా గొలుసులా ఉంటుంది. ఒక్కో గడ్డకు చాలా కళ్లు ఉంటాయి. చేత్తో లాగితే ఆకులు ఊడివస్తాయి, గడ్డలు లోపలే ఉండిపోతాయి, నిద్రలో ఉన్న కన్ను మేల్కొని లేస్తుంది. పారతో తవ్వితే గొలుసు ముక్కలై ఒకటి నాలుగవుతుంది.

అయితే దాని బలహీనతలు రెండున్నాయి. ఆ గడ్డలకు ఎండితే చావు. నీడ అసలు పడదు.

ఖాళీగా ఉంచగల మడి అయితే మార్చి నెలాఖరు నుంచి నీళ్లు పూర్తిగా ఆపండి. పది రోజుల తర్వాత గునపంతో అడుగు లోతు పెళ్లలు లేపి, పగలగొట్టకుండా బోర్లా తిప్పి వదిలేయండి. గడ్డల్లో ఎక్కువ భాగం పై అర అడుగులోనే ఉంటాయి కాబట్టి ఎండ వాటికి తగులుతుంది. రెండు వారాలకు పెళ్లను చితక్కొట్టి, గడ్డల్ని ఏరి, మట్టిని మళ్లీ తిరగేయండి. ఏప్రిల్, మే నెలల్లో ఇలా మూడుసార్లు చేస్తే వానలకు లేచే తుంగ బాగా పలచబడుతుంది. మధ్యలో ఒక్క తడి పడినా అన్నీ తేరుకుంటాయి, పక్క మడి నీరు అటు పారకుండా గట్టు వేయండి.

పంట ఉన్న మడిలో తవ్వలేం. అక్కడ రెండు వారాలకోసారి బొరిగెతో బుడిపెతో సహా తీయడమే పని. మొలక లేచిన మూడు నాలుగు వారాలకు కొత్త గడ్డలు కట్టడం మొదలవుతుంది. అంతకు ముందే తీసేస్తూ పోతే పాత గడ్డ తన నిల్వను ఖర్చుపెట్టుకుని నీరసిస్తుంది. ఒక నెల పట్టుగా తీసి రెండో నెల వదిలేస్తే మొదటి నెల కష్టం వృథా. కలుపు తీశాక చిలగడదుంప, గుమ్మడి లాంటి నేలంతా కప్పేసే తీగ వేస్తే నీడకు మిగతాది అణుగుతుంది.

కలుపు లేవకుండా నేల మీద కప్పే ప్లాస్టిక్ మల్చింగ్ షీటును తుంగ సూది మొనతో పొడుచుకుని పైకొస్తుంది. షీటు వేస్తే తుంగ పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

గరిక?

గరిక కణుపు కణుపుకూ వేరేస్తుంది. పారతో నరికితే ప్రతి ముక్కా ఒక మొక్క. ముళ్ల పారతో మట్టిని వదులుచేసి తీగను పొడవుగా లాగండి. తీసిన తీగను సిమెంటు గచ్చు మీద పది రోజులు ఎండబెట్టండి, మట్టి మీద వద్దు. పక్కింటి గోడ కిందనుంచో, వీధి వైపునుంచో వస్తుంటే మడి అంచున ఇటుకలను అర అడుగు లోతున నిలువుగా పాతితే చాలావరకు ఆగుతుంది. వినాయకుడి పూజకు గరిక కావాలనుకునేవారు ఒక కుండీలో విడిగా పెంచుకోండి, నేలలో వదలకండి.

వయ్యారిభామను చేత్తో పీకవచ్చా?

ఒట్టి చేత్తో వద్దు. దాని పుప్పొడి, కాండం మీది నూగు చర్మానికి దురద, దద్దుర్లు, కొందరికి ఆయాసం తెస్తాయి. నిండు చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఆయాసం ఉన్నవారు, పిల్లలు ఆ పనికి దూరంగా ఉండాలి. తెల్ల పువ్వు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో పీకాలి. నేల మట్టానికి కోస్తే పక్కల నుంచి మళ్లీ చిగురిస్తుంది. పూసిన మొక్కైతే పువ్వుల మీద సంచి తొడిగి పీకండి, ఎందుకంటే ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది.

ఆ మొక్క ఆకులు జల్లెడలా తినేసి ఉంటే, మీద గోధుమ గీతలున్న తెల్లటి చిన్న పెంకుపురుగులు కనబడతాయి. మెక్సికో నుంచి తెచ్చి 1984లో మన దేశంలో వదిలిన పురుగు అది. వాటిని చంపకండి. అయితే అవి పని చేసేది వానాకాలంలో, వేసవిలో మట్టిలో నిద్రపోతాయి కాబట్టి ఇప్పుడు మన చేతులే దిక్కు.

గట్టు మీద నాలుగు కలుపు మొక్కలుంటే పంటకు వచ్చే నష్టమేంటి?

నీళ్లు, ఎరువు తాగడం చిన్న నష్టం. తెగుళ్లకు, పురుగులకు అవి విడిది. బెండ ఆకుల ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులును తెల్లదోమ మోసుకొస్తుంది. ఆ తెల్లదోమ మీరు మందు కొట్టిన రోజు గట్టు మీది కలుపులో తలదాచుకుని, మూడో రోజు తిరిగొస్తుంది. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగను నిలువునా ఎండబెట్టిన కాండం కుళ్లు వైరస్ తెగులుకు ఆధారమైంది వయ్యారిభామే. తామర పురుగులు దాని పుప్పొడితో పాటు వైరస్‌ను పైరుకు అంటించాయి. పెరడు చిన్నదైనా అదే తంతు. మీ మడి చుట్టూ మూడడుగుల మేర శుభ్రంగా ఉంచండి.

గంగపాయల, గలిజేరు కూర వండుకునేవే కదా. తీసేయాలా?

తీసి వండుకోండి. గంగపాయల కూర, తెల్ల గలిజేరు, తుమ్మికూర, చెంచలికూర అన్నీ లేతగా ఉన్నప్పుడు మంచి కూరలే. పప్పులో వేస్తే గంగపాయలకు సాటి లేదు. రోడ్డు పక్కవి, మందు కొట్టిన చోటివి మాత్రం ముట్టుకోవద్దు. గంగపాయలలో ఆక్సలేట్లు ఎక్కువ, మూత్రపిండాల్లో రాళ్లున్నవారు దూరంగా ఉండటం మేలు. వండనంత పెరిగిపోతే పీకి గచ్చు మీద ఎండబెట్టాలి. దాని కాడలో నీళ్లుంటాయి, మడిలోనే వదిలేస్తే ముక్క ముక్కా వేరు పడుతుంది, పీకిన మొక్క మీదే గింజ కూడా ముదురుతుంది.

మల్చింగ్‌కు, అంటే మొక్కల చుట్టూ నేలను కప్పడానికి, ఏం పరచాలి, ఎంత మందం?

ఎండుటాకులు, వరిగడ్డి, చెరకు పిప్పి, వేరుశనగ పొట్టు, కొబ్బరి పీచు, ఏది దొరికితే అది. మందం మూడంగుళాలు. అంగుళం వేస్తే వెలుతురు దూరి కలుపు లేస్తుంది, ఆరంగుళాలు వేస్తే పోసిన నీళ్లు మట్టికి చేరవు. మొక్క మొదలు చుట్టూ రెండంగుళాలు ఖాళీ వదలాలి, లేకపోతే మొదలు కుళ్లుతుంది. ముందు కలుపు తీసి, తడి పెట్టి, ఆపైనే పరచండి.

వరిగడ్డిలో తాలుతో పాటు గింజలూ ఉంటాయి, పరిచే ముందు దులిపి రెండు రోజులు ఎండబెట్టండి. ఎర్రనేలల్లో వేసవిలో పొడి మల్చింగ్‌కు చెదలు పడతాయి. వేపపిండి చల్లి, పైపొర మరీ ఎండిపోకుండా అప్పుడప్పుడు తడపండి. కొత్త రంపపు పొట్టును మట్టిలో కలపవద్దు, అది చివికేటప్పుడు మొక్కకు దక్కాల్సిన నత్రజనిని లాక్కుని ఆకులు పసుపెక్కిస్తుంది.

నేలకు ప్లాస్టిక్ కప్పి ఎండతో కలుపు గింజల్ని చంపవచ్చంటారు. ఎలా?

ఏప్రిల్, మే దీనికి సరైన కాలం. మడిని మెత్తగా దున్ని, రాళ్లు, మోళ్లు తీసి, అడుగు లోతు తడిసేలా నీళ్లు పెట్టండి. మర్నాడు పారదర్శకమైన పలుచటి ప్లాస్టిక్, 25 నుంచి 50 మైక్రాన్లది, మట్టికి అంటుకునేలా లాగి పరిచి, అంచులన్నీ అర అడుగు మట్టిలో పూడ్చేయండి. నాలుగు నుంచి ఆరు వారాలు కదపకండి. అక్కడక్కడా చిరిగితే వెంటనే టేపు అతికించండి, వేడంతా ఆ కంత నుంచే పోతుంది.

నల్ల ప్లాస్టిక్ వేస్తే ఫలితం తక్కువ. నల్లది తానే వేడెక్కుతుంది, పారదర్శకమైనది ఎండను కిందికి పంపి మట్టిని వేడెక్కిస్తుంది. పొడి మట్టి మీద వేసినా పనిచేయదు, వేడి లోపలికి దిగడానికి తడి కావాలి. పైపొరలోని గింజలు, కొన్ని వేరుకుళ్లు శిలీంధ్రాలు చస్తాయి. లోతున ఉన్న తుంగ గడ్డలు చావవు. ప్లాస్టిక్ తీశాక మళ్లీ లోతుగా తవ్వితే అడుగు గింజలు పైకొస్తాయి, పైపైనే విత్తుకోండి.

కొత్త మట్టి పోయించాక తుంగ మొదలైంది. మట్టితోనే వచ్చిందా?

చాలా ఇళ్లలో అలాగే వస్తుంది. చెరువు మట్టి, రోడ్డు పనుల్లో తీసిన ఎర్రమట్టి ట్రాక్టరు లోడుతో పాటు గడ్డలూ, గింజలూ దిగుతాయి. లోడు పోయించే ముందు రెండు తట్టల మట్టి తెప్పించి, తొట్టిలో పోసి రెండు వారాలు తడిగా ఉంచండి. ఏం లేస్తుందో చూసి నిర్ణయించుకోండి.

పచ్చి పేడ కూడా అంతే. పశువు తిన్న గడ్డి గింజలు కొన్ని అరగకుండా బయటికి వస్తాయి. వాటితో పాటు వేరుపురుగు కూడా వస్తుంది. నాలుగైదు నెలలు మాగి, వాసన పోయి, నల్లగా పొడిపొడిగా ఉన్నదే వాడండి. వర్మీకంపోస్టు కుప్ప వేడెక్కదు కాబట్టి అందులోనూ గింజలు బతికే ఉంటాయి.

పీకిన కలుపును ఎరువు గుంటలో వేయవచ్చా?

పూతకు రానివి నిశ్చింతగా వేయండి. గింజ కట్టినవి వేయాలంటే కుప్ప లోపల 55 డిగ్రీల పైన వేడి కొన్ని రోజులు నిలవాలి. దానికి కనీసం మీటరు పొడవు, వెడల్పు, ఎత్తున్న కుప్ప, తగిన తడి, వారానికోసారి తిరగేయడం కావాలి. ఇంట్లో వాడే బకెట్ కంపోస్టుకు అంత వేడి రాదు. తుంగ గడ్డలు, గరిక తీగలు పూర్తిగా ఎండి కర్రలా అయ్యాకే వేయండి.

ఉప్పు నీళ్లు, వెనిగర్, వేడి నీళ్లు పనిచేస్తాయా?

ఉప్పు కలుపును చంపుతుంది, ఆ తర్వాత మట్టినీ చంపుతుంది. అక్కడే ఉండిపోయి వానకు పక్క మడికి పారుతుంది. పెరట్లో ఉప్పు వద్దే వద్దు. వంటింటి వెనిగర్ ఆకును మాడుస్తుంది, వేరు జోలికి పోదు. గచ్చు పగుళ్లలో, టైల్స్ సందుల్లో లేచే లేత కలుపుకు మరిగే నీళ్లు చక్కగా పనిచేస్తాయి. వారానికోసారి మూడు నాలుగుసార్లు పోయాలి. చెప్పులేసుకుని, కాళ్లకు దూరంగా పోయండి.

గ్లైఫోసేట్ కలుపు మందు కొట్టేస్తే ఒక్కసారిగా శుభ్రమైపోతుంది కదా?

ఇంటి తోటలో వద్దని గట్టిగా చెబుతాం. చట్టం కూడా ఒప్పుకోదు: పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ గ్లైఫోసేట్ వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వులిచ్చింది. ఆ మందుకు ఏది కలుపో, ఏది కూరో తెలియదు. గాలికి తుంపర పడితే మీ టమాటా, మల్లె, పక్కింటి కరివేపాకు కూడా పోతాయి. 2,4-డి అనే మరో కలుపు మందు అయితే దూరానున్న టమాటా, చిక్కుడు ఆకుల్ని కూడా మెలికలు తిప్పేస్తుంది. కూరల మధ్య పిల్లలు తిరిగే నాలుగు సెంట్లకు బొరిగె చాలు. పారాక్వాట్ అనే కలుపు మందు సీసా ఇంట్లో ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఉంచకండి. పొరపాటున మింగితే దానికి విరుగుడు లేదు.

మిద్దె తోట కుండీల్లో పనులు ఏంటి?

ఫిబ్రవరిలో ప్రతి కుండీ అడుగు కన్నం చూడండి. వేరు బయటికి వచ్చి ఉంటే పెద్ద కుండీలోకి మార్చండి, మార్చి దాటాక మార్పిడి వద్దు. పాత మట్టిని పారేయకండి. అర సెంటీమీటరు జల్లెడ పట్టి వేళ్లు, తుంగ గడ్డలు తీసి, తడిపి, పారదర్శకమైన కవర్లలో నాలుగంగుళాల మందాన నింపి, మూతికట్టి, మిద్దె మీద నెల రోజులు ఎండలో పడుకోబెట్టండి. తర్వాత మూడో వంతు మాగిన ఎరువు, కుండీకి గుప్పెడు వేపపిండి కలిపి వాడుకోండి.

కుండీల్లో తరచూ వచ్చేది పులిచింత. కాయ ముట్టుకుంటే చిట్లి గింజల్ని పక్క కుండీల్లోకి విసురుతుంది. అందుకే కాయ రాకముందే, తడి మట్టిలో వేరుతో తీయాలి. నల్ల కుండీలు, గ్రో బ్యాగులు మిద్దె గచ్చును నేరుగా తాకకుండా ఇటుకల మీద పెట్టండి, వేడికి వేళ్లు ఉడికిపోకుండా ఉంటాయి.

మొక్క మీద పసుపు దారాల్లాంటి తీగ అల్లుకుంటోంది. తీగను లాగేస్తే చాలా?

అది బంగారు తీగ. ఆకు లేదు, వేరు లేదు, ఆ మొక్క రసం తాగే బతుకుతుంది. లాగితే చిన్న ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది. అది పట్టిన కొమ్మను కొమ్మగానే కోసి కాల్చేయండి. ఎక్కువ పడితే ఆ మొక్కను వదులుకోవడమే మంచిది, పూస్తే గింజలు ఏళ్ల తరబడి నేలలో ఉంటాయి.

అమెరికాలో ఉన్నాం. మా వసంతానికి ఇవన్నీ వర్తిస్తాయా?

అక్కడ లెక్క ఎండది కాదు, మంచుది. డాలస్ వైపు మార్చి మధ్యకు, న్యూజెర్సీ మధ్యభాగంలో ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారాలకు చివరి మంచు పోతుంది. గోంగూర, బెండ, సొర, కాకరను మట్టి 18 డిగ్రీలు దాటాకే బయట పెట్టండి, ముందుగా ఇంట్లో కిటికీ దగ్గర చిన్న కప్పుల్లో మొలిపించుకోవచ్చు. లాన్‌లో కలుపు మొలవకుండా వసంతంలో చల్లే గుళికలు కూర గింజల్నీ మొలవనివ్వవు, మడుల దగ్గర చల్లవద్దు. మందు కొట్టిన లాన్ నుంచి కోసిన గడ్డిని మల్చింగ్‌గా వేస్తే టమాటా, చిక్కుడు ఆకులు ముడుచుకుపోతాయి.

పిల్లల సెలవులకు పది రోజులు ఊరెళ్తాం. తోట ఏమవుతుంది?

వెళ్లే మూడు రోజుల ముందు కలుపంతా తీసేయండి, ముఖ్యంగా పూసినవి. పిందెలు వదిలి, కోయదగిన కాయలన్నీ కోయండి, ముదిరిన కాయ ఉంటే తీగ కాపు ఆపేస్తుంది. కుండీల్ని గోడ నీడకు చేర్చి ఒకదానికొకటి ఆనించి పెట్టండి. పెద్ద మొక్కలకు రెండు లీటర్ల సీసా మూతకు సన్నటి సూది కన్నం పెట్టి, అడుగు కోసి, మొదలు దగ్గర తలకిందులుగా గుచ్చి, నీళ్లు నింపండి. అది రెండు రోజులకు మించి రాదు. కాబట్టి పక్కింటివారికి తాళం ఇచ్చి, రోజు విడిచి రోజు ఉదయం ఎనిమిదిలోపు సీసాలు నింపి, కుండీలకు నీళ్లు పోయమని చెప్పి వెళ్లండి.